షాకబ్జరు ఆనే చోటు

ఈ పుటలలో యతిప్రాసల ముచ్చట్లకు అలవాటుపడినవారికి ఈనాటి విషయం కొంత విడ్డూరంగా తోచవచ్చు. ఇనుము, ఇత్తడి, రబ్బరు, నూనె మరకలు – వీటి గురించి తెలుగు పండితుడు వ్రాయబూనడం ఏమిటని నవ్వుకొనేవారు నిక్షేపంగా నవ్వుకొనవచ్చు. పాత మోటారుసైకిలు వెనుక చక్రానికి ఇరుప్రక్కలా నిలువుగా నిలిచే షాకబ్జర్లు మీరందరూ చూసినవే. ఆ షాకబ్జరు పైకొన బండి చట్రాన్ని ఎక్కడ పట్టుకొని ఉంటుందో, ఆ చోటును గురించి ఈ వ్యాసం. అరచేతిలో ఇమిడే ఇనుపముక్క అది. దానికీ ఒక చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర తెలియకుండా దానిని బాగుచేయబోయినవారు చాలసార్లు దానిని చంపుతున్నారు. అందుకే ఇంత వ్రాయవలసి వచ్చింది.

ముందుగా మాట సంగతి. ‘షాక్ అబ్సార్బర్’ అన్న ఇంగ్లీషు మాట మన మెకానిక్కుల నోట నలిగి, సకారం జకారమై, రెండవ బకారం జారిపోయి, ‘షాకబ్జరు’గా స్థిరపడింది. పారిభాషిక పదాలు కల్పించేవారు దీనిని ‘ఆఘాతశోషకం’ అంటారు. పండితుణ్ణయి ఉండి కూడ నేను షాకబ్జరు పక్షమే వహిస్తాను. ఎందుకంటే అసలు ఇంగ్లీషు పేరే సరియైనది కాదు. కుదుపును మింగేది స్ప్రింగు. మింగిన స్ప్రింగు ఊరుకోదు, పైకీ క్రిందికీ ఊగుతుంది. ఆ ఊపును నూనె గొట్టం అణచివేస్తుంది. లోపలి ముషలకం కదిలినప్పుడు నూనె సన్నని రంధ్రాల గుండా ఇరుక్కుంటూ పోవాలి, ఆ ఇరుకులోనే ఊపు వేడిగా మారి చల్లారిపోతుంది. బ్రిటిషు ఇంజనీర్లు దీనిని ‘డ్యాంపర్’ అనడానికి కారణం ఇదే. తప్పు పేరును కష్టపడి సంస్కృతీకరించడం కంటె మెకానిక్కు నోటిమాట మేలు కదా. ఇక షాకబ్జరు పైకొన ఆనుకొనే చోటును వర్క్‌షాపులలో ‘లగ్గు’ అని, ‘స్టడ్డు’ అని, ఒక్కొక్కచోట ఊరికే ‘షాకబ్జరు బోల్టు’ అని వ్యవహరిస్తారు. ఇవన్నీ ఆ చోటులోని వేరువేరు భాగాల పేర్లు. మొత్తానికి కలిపి నేనిక్కడ ‘ఆనుపు’ అంటాను.

మొదటి మోటారుసైకిళ్ళు ఇంజను తగిలించిన సైకిళ్ళే. సైకిలు చట్రం త్రికోణాల కూర్పు. సీటు క్రింద నుండి రెండు సన్నని గొట్టాలు ఏటవాలుగా దిగి వెనుక ఇరుసును పట్టుకుంటాయి. అడుగునుండి మరి రెండు వచ్చి అక్కడే కలుస్తాయి. చక్రం గుంతలో పడినప్పుడు పుట్టిన తాకిడి ఆ గొట్టాల పొడవునా ప్రయాణిస్తుంది. గొట్టం నిలువునా నొక్కితే ఎంతో బరువు మోస్తుంది, అడ్డంగా వంచితే లొంగిపోతుంది. వెదురుబొంగులతో పందిరి వేసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. కనుక చట్రానికి ఆ అమరికలో దిగులు లేదు. దిగులంతా నడిపేవాడి నడుముకు. 1888లో డన్లప్ ప్రసాదించిన గాలి టైరు, సీటు క్రింది రెండు స్ప్రింగులు తప్ప అతనికి వేరే దిక్కు లేదు. ముందు చక్రానికి చాల త్వరగానే స్ప్రింగులు వచ్చాయి. వెనుక చక్రం మాత్రం దశాబ్దాల పాటు చట్రానికి బిగుసుకొనే ఉండిపోయింది.

ఆలోచన లేక కాదు. 1928లో ఫిలిప్ విన్సెంట్ అనే ఆంగ్ల విద్యార్థి వెనుక భాగమంతా ఒక త్రికోణంగా ఊగే అమరికకు పేటెంటు పొందాడు. అదే సంవత్సరం ఇటలీలో మోటో గుజ్జి కంపెనీ వెనుక స్ప్రింగులున్న బండిని చేసింది. దానిని రూపొందించిన జుసెప్పె గుజ్జి స్వయంగా ఆ బండిమీద నార్వే దేశపు ఉత్తరపు కొసవరకు వెళ్ళివచ్చాడు. అయినా కొనేవారికి నమ్మకం కుదరలేదు. వెనుక చక్రం కదిలితే మలుపుల్లో బండి వంకరటింకరలు పోతుందని వారి భయం. ఆ భయం పూర్తిగా నిరాధారమని అనలేము. కదిలే ప్రతి కీలూ అరిగే కీలే. 1935లో ఐల్ ఆఫ్ మ్యాన్ సీనియర్ టీటీ పందెంలో స్టాన్లీ వుడ్స్ వెనుక స్ప్రింగుల గుజ్జిని నడిపి, నార్టన్ మీద వచ్చిన జిమ్మీ గత్రీని 4 సెకన్ల తేడాతో ఓడించాడు. నాలుగే సెకన్లు! కాని ఆ నాలుగు సెకన్లతో వాదం తారుమారయింది. మరుసటి సంవత్సరమే నార్టన్ వారు తమ పందెపు బండ్లకు వెనుక స్ప్రింగులు పెట్టుకున్నారు.

అయితే చాలమంది తయారీదారులు మధ్యేమార్గం వెదికారు. ఉన్న చట్రాన్ని అలాగే ఉంచి, ఇరుసు దగ్గర మాత్రం చిన్న నిలువు గూళ్ళు పెట్టి, అందులో స్ప్రింగుల నడుమ ఇరుసు రెండు మూడు అంగుళాలు పైకీ క్రిందికీ జారేటట్లు చేశారు. దీనికి ప్లంజర్ అని పేరు. ట్రయంఫ్ వారు ఇంకొక అడుగు ముందుకు వేసి స్ప్రింగులను చక్రపు నడిమి డొల్లలోనే ఇరికించారు. ఈ రెండు పద్ధతులలోనూ షాకబ్జరు లేదు కనుక దానికి ఆనుపూ లేదు. ఈ బండ్లను గురించి ఇంతకంటె చెప్పవలసినది లేదు.

మన కథకు కావలసినవి మరి కొన్ని ఊళ్ళలో జరిగాయి. వెలొసెట్ వారు 1936లో తమ పందెపు బండికి వెనుక ఊగే చేయి అమర్చి, దానికి ఇరుప్రక్కలా విమానాల చక్రాలకు వాడే తరహా గాలి–నూనె కాళ్ళు నిలిపారు. యుద్ధకాలంలో బెల్ఫాస్టు నగరంలో రెక్స్ మెక్‌క్యాండ్లెస్ అనే మెకానిక్కు తన బండికి ఊగే చేయి చేసుకొని, సిట్రోయెన్ కారునుండి విప్పిన షాకబ్జర్లను నిలువుగా బిగించాడు. ఆ ప్రయోగం ఎదిగి ఎదిగి 1950లో నార్టన్ వారి ‘ఫెదర్‌బెడ్’ చట్రమయింది. దానిని నడిపిన హరాల్డ్ డానియెల్ ఈకల పరుపుమీద పోయినట్లున్నదన్న మాటనుండి ఆ పేరు పుట్టింది.

ఈ రెండింటి నడుమ, 1948లో, ఇంగ్లండులోని రెడిచ్ పట్టణం నుండి మన బుల్లెట్టు వచ్చింది. రెడిచ్ ఒకనాడు సూదుల తయారీకి పేరుపొందిన ఊరు. రాయల్ ఎన్‌ఫీల్డు వంశవృక్షం కూడ సూదుల కార్ఖానాలోనే మొలిచింది, తరువాత సైకిళ్ళకు, తుపాకి భాగాలకు, మోటారుసైకిళ్ళకు కొమ్మలు వేసింది. బుల్లెట్టు అన్న పేరు 1932 నుండి ఉన్నదే. కాని 1948 నాటి బుల్లెట్టు వేరు. 350 సీసీ బండి, వెనుక ఊగే చేయి, కంపెనీవారే స్వయంగా చేసిన నూనె షాకబ్జర్లు. కోల్‌మోర్ కప్ అనే కొండదారి పోటీలో దానిని మొదట జనం ముందుకు తెచ్చారు. బురదలోను రాళ్ళలోను పట్టు నిలవాలంటే వెనుక చక్రం కదలకుండా ఉండాలని ఆ పోటీల అనుభవజ్ఞుల సిద్ధాంతం. అదే సంవత్సరం ఇటలీలో జరిగిన అంతర్జాతీయ షడ్దిన పరీక్షలో గెలిచిన బ్రిటిషు జట్టులో రెండు బుల్లెట్లున్నాయి. వాటిని నడిపిన చార్లీ రోజర్స్, విక్ బ్రిటెన్ ఇద్దరికీ స్వర్ణపతకాలు వచ్చాయి. 1952లో విక్ కుమారుడు జానీ బ్రిటెన్ స్కాట్లండు షడ్దిన పోటీని బుల్లెట్టు మీదనే గెలిచాడు. ఆపైన సిద్ధాంతులు మాట మార్చుకున్నారు. 1954 నాటికి ట్రయంఫ్, బీఎస్ఏ పెద్దబండ్లకు కూడ ఊగే చేయి వచ్చేసింది.

చరిత్రకారులు సాధారణంగా ఇక్కడితో ఆగి చప్పట్లు కొడతారు. చట్రం పక్షాన ఆలోచించినవారు తక్కువ. వెనుక చక్రం ఊగే చేయిమీదికి వెళ్ళిపోగానే, తాకిడిని గొట్టాల పొడవునా మోసిన ఆ పాత త్రికోణం మాయమయింది. ఇప్పుడు తాకిడి అంతా షాకబ్జరు గుండా పైకి వచ్చి, సీటు వెనుక గాలిలో నిలిచిన ఒక్క బిందువును పొడుస్తుంది. ఆ బిందువును మోసే గొట్టాలు నిలువు నొక్కుడుకు కాక వంపుకు గురి అవుతాయి. గట్టి గుంతలో పడి షాకబ్జరు అడుగంటినప్పుడు స్ప్రింగు పని ముగిసి, ఇనుము ఇనుమును కొడుతుంది. ఆ దెబ్బ పూర్తిగా తినేది ఆనుపు. నడిపేవాడి నడుముకు వచ్చిన సుఖానికి వెల చెల్లించినది ఈ ముక్కేనన్నమాట.

ఆనుపులలో ప్రధానంగా రెండు రకాలు కనబడతాయి. ఒకటి, రెండు చెవుల నడుమ షాకబ్జరు కన్ను కూర్చుండి, బోల్టు ఈ చెవినుండి ఆ చెవికి దూరిపోయే రకం. బరువును రెండు వైపులా పట్టు ఉంటుంది కనుక ఇది ధీరము. రెండవది, చట్రంనుండి ప్రక్కకు పొడుచుకొని వచ్చిన ఒంటి స్టడ్డుకు కన్నును తొడిగి నట్టు బిగించే రకం. గోడకు కొట్టిన మేకుకు సంచి తగిలించినట్లు. సంచి గోడకు దగ్గరగా ఉన్నంతవరకు మేకు వంగదు, మేకు కొసకు జారితే వంగుతుంది. ఈ పోలికను పాఠకులు గుర్తుంచుకొనాలని మనవి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఆనుపును కేవలం భారవాహిగా కాక తెలివిగా వాడుకున్నవారు వెలొసెట్ వారొక్కరే అని నాకనిపిస్తుంది. 1953 నుండి వారి బండ్లలో షాకబ్జరు పైకొనకు రంధ్రం బదులు చంద్రవంక ఆకారపు గాడి ఉండేది. ఒంటిగా పోతే నట్టు వదులుచేసి షాకబ్జరును ముందుకు వాల్చుకోవచ్చు, వెనుక మరొకరు కూర్చుంటే నిలువుగా నిలుపుకోవచ్చు. వాలిస్తే మెత్తన, నిలిపితే గట్టి. స్ప్రింగు మార్చకుండ కేవలం ఆనుపు జరిపి దాని కాఠిన్యం మార్చడమంటే, ధాతువు మార్చకుండా ప్రత్యయంతో అర్థం మార్చినట్లు లేదూ?

ఇక ఆ కాలంలో ఆనుపును చట్రానికి ఎలా కలిపేవారన్నది ముఖ్యమైన ప్రశ్న. సైకిలు వారసత్వం ఇక్కడ కూడ కొనసాగింది. గొట్టాలను ఒకదానికొకటి నేరుగా అతకరు. పోతపోసిన ఇనుప లగ్గులలోకి గొట్టాలను దూర్చి, జారకుండ సన్నని మేకు కొట్టి, కొలిమిలో ఎర్రగా కాచి, వెలిగారం చల్లి, ఇత్తడి కరిగించి సందులోకి పంపుతారు. ఇత్తడి దాదాపు 900 డిగ్రీల వద్ద కరుగుతుంది. ఇనుము కరగడానికి 1500 డిగ్రీల దాకా పోవాలి కనుక ఇనుము కరగదు. కరిగిన ఇత్తడి నూనెలా సందంతా పాకి పట్టుకుంటుంది. దీనిని ఇంగ్లీషులో బ్రేజింగు అంటారు. మనకిది క్రొత్త కాదు. కంసాలి వెలిగారం వేసి టంకం పెట్టడంలో ఉన్న సూత్రమే ఇది, బిందెకు మాటు వేసేవారికీ దగ్గరి చుట్టమే.

ఆ లగ్గుల ఇనుము కూడ ప్రత్యేకమైనది. సామాన్యమైన పోత ఇనుము గాజులా పెళుసు. దానిని కొన్ని రోజులపాటు కొలిమిలో ఉంచి మెల్లగా చల్లారిస్తే లోపలి కర్బనం స్థితి మారి, సుత్తిదెబ్బకు సాగేపాటి మెత్తదనం వస్తుంది. అన్ని రోజుల తపస్సుతో వచ్చిన ఆ గుణం ఒక్క నిమిషపు కరెంటు వెల్డింగుతో పోతుంది. విద్యుజ్జ్వాల కింద కరిగిన చోటు క్షణంలో గడ్డకట్టి మళ్ళీ పెళుసు ఇనుమవుతుంది. పైకి అతుకు ఉబ్బెత్తుగా, బలంగా కనిపిస్తుంది. దాని అంచునే కొత్త చీలిక పుడుతుంది. అంతేకాదు, పాత ఇత్తడి మిగిలిన చోట ఉక్కును కరిగించి అతికితే, ఇత్తడిలోని రాగి ఉక్కు రేణువుల నడుమకు చొరబడి లోలోపల పగుళ్ళు తెస్తుంది. పాత చట్రాన్ని బాగుచేయబోయి పాడుచేయడమంటే ఇదే. ఉక్కుతో చేసిన నేటి చట్రాలకు కరెంటు వెల్డింగు దివ్యంగా పనికివస్తుంది. దోషం వెల్డింగుది కాదు, కాలం తెలియకపోవడానిది.

ఈ రెడిచ్ పద్ధతులు మన దేశానికి వచ్చిన త్రోవ తెలిసినదే. మద్రాస్ మోటార్స్ వారు 1949 నుండి బుల్లెట్లు దిగుమతి చేసుకొనేవారు. 1952లో సైన్యం కోసం బండ్లకు ఆర్డరు వచ్చింది. 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి మద్రాసుకు ఉత్తరాన తిరువొత్తియూరులో కార్ఖానా వెలసింది. త్యాగరాజస్వామి త్రిపురసుందరిపై ఐదు కృతులు చెప్పిన క్షేత్రమది. సంగీతం తెలిసినవారికి ఆ ఊరు ఒక విధంగా, మెకానిక్కులకు మరొక విధంగా పుణ్యక్షేత్రం. మొదట విడిభాగాలు తెప్పించి కూర్చేవారు, 1957లో అచ్చులూ పనిముట్లూ కొన్నారు, 1962 నాటికి భాగాలన్నీ ఇక్కడే తయారయ్యాయి. ఇంగ్లండులో రూపురేఖలు మారిపోయినా, 1967లో రెడిచ్ కార్ఖానా మూతపడినా, 1970లో అక్కడి ఉత్పత్తే నిలిచిపోయినా, తిరువొత్తియూరులో 1955 నాటి బండి అర్ధశతాబ్దం పాటు దాదాపు అదే తీరున పుడుతూ వచ్చింది. మూలగ్రంథం పోయి ప్రతి మాత్రం మిగిలినట్లు. తాళపత్రాలతో పరిచయమున్నవారికి ఇది వింతగా తోచదు.

ఇంగ్లండు రోడ్లమీద ఒకరో ఇద్దరో ఎక్కే బండిని మనం ఎలా వాడామన్నది వేరే అధ్యాయం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక బియ్యపు సంచి. లేదా రెండు ప్రక్కలా పాలక్యాన్లు. రెడిచ్‌లో లెక్క కట్టినవారు కలలో కూడ ఊహించి ఉండరు. అయితే బరువుకంటె కూడ ఎక్కువ హాని చేసినది ఇంకొకటి ఉన్నది. చీర కొంగు చక్రంలో పడకుండ పెట్టే శారీగార్డు, వెనుక పట్టుకొనే కడ్డీ, క్యారియరు, క్యాన్ల కొక్కేలు – వీటన్నిటికీ చట్రంమీద వేరే చోటు లేక, తగిలించేవారందరికీ సిద్ధంగా కనబడినది షాకబ్జరు బోల్టే. నట్టు విప్పి, రేకుచెవిని లోపలికి దూర్చి, మళ్ళీ బిగిస్తారు. మేకూ సంచీ పోలిక ఇక్కడ జ్ఞాపకం చేసుకొనండి. ఒంటి స్టడ్డుమీద షాకబ్జరు కన్ను నడిమి భాగం చట్రానికి 20 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నదనుకుందాం. 5 మిల్లీమీటర్ల మందమున్న రేకుచెవులు నడుమ దూరితే దూరం 25 అవుతుంది. బరువు పెరగకుండానే స్టడ్డును వంచే శక్తి పావువంతు పెరిగింది. ఆపైన బరువు కూడ పెరిగితే చెప్పేదేమున్నది?

నా పూర్వవిద్యార్థి ఒకడు గుంటూరు జిల్లాలో పాల వ్యాపారం చేసేవాడు. అతని బుల్లెట్టుకు ఎడమవైపు ఆనుపు అప్పటికే రెండుసార్లు విరిగి, రెండుసార్లు కరెంటు వెల్డింగు చేయించుకున్నది. మూడవసారి తెల్లవారుజామున క్యాన్లతో పోతుండగా లగ్గుతో సహా ఊడివచ్చింది. వెనుక చక్రం ఒక ప్రక్కకు ఒరిగి మడ్‌గార్డును పట్టేసింది. అతని కాలి ఎముక విరిగి రెండు నెలలు మంచంమీద ఉన్నాడు. చూడడానికి వెళ్ళినప్పుడు విరిగిన ముక్కను నా చేతిలో పెట్టాడు. విరిగిన ముఖం మూడువంతులు నల్లగా, తుప్పుపట్టి, నదీతీరపు ఇసుకమీద అలలు విడిచిన గీతలవంటి వలయాలతో ఉన్నది. తక్కిన ఒక వంతు మాత్రం అప్పుడే విరిచిన బెల్లంలా మెరుస్తున్నది. దాని అర్థం స్పష్టం. ఆ ముక్క ఆ తెల్లవారుజామున విరగలేదు, నెలల తరబడి విరుగుతూ వచ్చి ఆనాడు ముగించింది. మధ్యలో ఎవరైనా చూసి ఉంటే కాలు దక్కేది.

చూడడం పెద్ద విద్య కాదు. రంగూ మట్టీ గీకి, ఆ చోట కిరసనాయిలు పూసి కొంతసేపు నాననిచ్చి, పొడిగుడ్డతో తుడిచి, పైన సుద్దపొడి రుద్దాలి. పగులు ఉంటే లోపల దాగిన కిరసనాయిలు ఊరి తెల్లని సుద్దమీద సన్నని తడిగీతగా పైకి వస్తుంది. ముప్పైయేళ్ళకు పైగా సుద్దముక్క పట్టినవాణ్ణి కనుక ఈ పరీక్ష నాకు ప్రీతిపాత్రమైనది. నల్లబల్లమీద మనం వ్రాస్తాము, ఇక్కడ అదే వ్రాసుకుంటుంది.

ఆ బండిని బాగుచేసినవారు గ్యాసు వెల్డింగు పని తెలిసిన ఒక పెద్ద ఆచారిగారు. తండ్రి తాతలది కంసాలి వృత్తి. ఆయన మొదట లగ్గు అంచును రాపిడి చక్రానికి తాకించి చూశారు. నిప్పురవ్వలు పొడుగ్గా తెల్లగా చిమ్మితే ఉక్కు, ఎర్రగా పొట్టిగా రాలితే పోత ఇనుము. ఎర్రగానే రాలాయి. “మాస్టారూ, ఇందులో ఇత్తడి కరగాలి గానీ ఇనుము కరగకూడదండీ” అన్నారు. బ్రేజింగు శాస్త్రమంతా ఆ ఒక్క వాక్యంలో ఉన్నది. రెండుసార్లు వెల్డింగు తిన్న ఆ లగ్గు ఇక అతుకుకు పనికిరాదని తేల్చి, మిగిలిన మొదలును వేడిచేసి ఊడదీశారు. పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ అంతకుముందే తీసి దూరంగా పెట్టించారు. వీటిని మరచినవారి కథలు ఆయన వద్ద చాలా ఉన్నాయి, ఇక్కడ వ్రాయదగినవి కావు.

కొత్త ముక్కను లేతు మిషనుమీద ఉక్కుతో చేయించారు. ఇక్కడ మూడు విషయాలు గమనింపదగినవి. స్టడ్డును చట్రానికి కేవలం మూతికి మూతి అతకలేదు. లగ్గును తొలిచి, స్టడ్డు మొదలుకు భుజం పెట్టి, ఆవలివైపునుండి దూర్చి, ఆపైన ఇత్తడి పోశారు. అప్పుడు బరువు అతుకుమీద కాక భుజంమీద పడుతుంది. భుజం మూల పదునుగా ఉంటే చీలిక అక్కడే మొదలవుతుంది కనుక గుండ్రంగా తిప్పారు. మరలను మొదటిదాకా కోయలేదు. 12 మిల్లీమీటర్ల కడ్డీకి మర కోస్తే లోపల మిగిలేది సుమారు 10 మాత్రమే. వంపును తట్టుకొనే శక్తి వ్యాసపు ఘనాన్ని బట్టి ఉంటుంది కనుక ఆ రెండు మిల్లీమీటర్ల నష్టంతో బలం దాదాపు సగానికి దిగుతుంది. మర ఉండవలసినది నట్టు కూర్చునే కొస దగ్గర మాత్రమే. బజారులో దొరికే గట్టి బోల్టు తెచ్చి అతికిద్దామని ఒక కుర్ర మెకానిక్కు అంటే ఆచారిగారు ఒప్పుకోలేదు. దాని గట్టిదనం పదును పెట్టడంవల్ల వచ్చినది, కొలిమి వేడికి ఆ పదును దిగిపోతుంది.

ఇత్తడి పోసేముందు కుడివైపు ఆనుపుతో సరిచూడడానికి రెండింటి గుండా ఒక తిన్నని కడ్డీ దూర్చి ఉంచారు. ఒకటి ముందుకూ ఒకటి వెనుకకూ ఉంటే ఊగే చేయి మెలిపడి, కొత్త రబ్బరు బుష్షులు నెలలోనే తెగిపోతాయి. లగ్గూ గొట్టమూ రెండూ సమంగా ఎర్రబడేదాకా ఆయన మంటను ఒక్కచోట నిలుపలేదు. వెలిగారం గాజులా కరిగి పరచుకొన్న తరువాతనే ఇత్తడి కడ్డీ తాకించారు. ఒకవైపు పెట్టిన ఇత్తడి సందుగుండా పాకి రెండవవైపు సన్నని పసుపు గీతగా పైకి వచ్చింది. ఆ గీత కనబడితేనే లోపలంతా నిండినట్లు. నీళ్ళు చల్లకుండ, గాలి తగలకుండ, ఆ చోటును బూడిదతో కప్పి తనంతట తాను చల్లారనిచ్చారు.

కుడివైపు ఆనుపు విరగలేదు కాని రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి అరిగి ఉన్నది. రబ్బరు బుష్షు ఎండి రాలిపోతే కన్ను బోల్టును నేరుగా కొడుతుంది, అరుగుదలకు కారణం అదే. అటువంటి రంధ్రాన్ని ఇత్తడితో నింపి మళ్ళీ తొలవడం కొందరి పద్ధతి. ఆచారిగారు అలా కాక రంధ్రాన్ని కొంచెం పెద్దదిగా గుండ్రంగా తొలిపించి, సరిపడే ఉక్కు బుష్షును బిగుతుగా దిగగొట్టించారు. మళ్ళీ అరిగితే బుష్షు మారుతుంది, చట్రం అలాగే ఉంటుంది. పాఠపరిష్కరణలో కూడ మూలాన్ని చెరపకుండ సవరణను ప్రక్కన నిలపడమే పెద్దల సంప్రదాయమని ఆయనకు చెబితే నవ్వి ఊరుకున్నారు.

చివరి బిగింపులో కూడ ఒక మెలకువ ఉన్నది. లోపలి గొట్టానికి రబ్బరు అంటుకొని ఉండే బుష్షులను బండి స్టాండుమీద ఉండగా బిగించకూడదు. చక్రం వ్రేలాడే స్థితిలో నట్టు బిగుసుకుంటే, మనిషి ఎక్కగానే రబ్బరు మెలితిరిగి, నడిచినంతసేపూ ఆ మెలికలోనే ఉంటుంది. బండిని నేలమీద నిలిపి, ఒకరిని సీటుమీద కూర్చోబెట్టి అప్పుడు బిగించాలి. ఆనాడు సీటుమీద కూర్చోవలసిన పని నాకు అప్పగించారు, నా బరువు ఆ కుర్రవాడి పాలక్యాన్లకు సరిపోతుందని.

క్యాన్ల కొక్కేలకు ఆచారిగారు వేరే ఇనుపపట్టీ చేయించి చట్రపు క్రింది గొట్టాలకు బిగించారు. షాకబ్జరు స్టడ్డుమీద ఇప్పుడు కన్ను, వాషరు, నట్టు తప్ప మరేమీ లేవు. ఆరు నెలల తరువాత ఆ బండి మా ఇంటి ముందు ఆగినప్పుడు కిరసనాయిలు పూసి సుద్ద రుద్ది చూశాము. రెండువైపులా సుద్ద పొడిగానే ఉన్నది.